మూఢంలో జర్బెరా ఎవరికి?

“ఈ యేడన్న పాలీహౌజ్ ఏద్దామే.”

“ముందుగాల్ల ఆ చామంతులు వాడకముందే మార్కెట్ల దించి రాపో. పాలీహౌజ్ యాడికి పోదు.”

నాకూ నా పెనిమిటికీ మధ్య నడిచిన ఆఖరు మాటలు ఇవే. ఆయన నవ్వి బండికి కిక్కు కొట్టాడు. పూల మార్కెట్లో మూట దించుతూ దించుతూనే కుప్పకూలాడట. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. ఇరవై ఏళ్ల కాపురంలో ఎన్నెన్ని మాట్లాడుకున్నామో, గుర్తు లేదు. ఈ రెండు ముక్కలు మాత్రం పోవు.

ఇది రాస్తున్నది నా బిడ్డ. నాకు వచ్చింది సంతకం ఒక్కటే. నా మాటను పుస్తకం భాషలో పెడతానంది, సరేనన్నాను. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం అన్నట్టే ఉంచమన్నాను.

మాది చేవెళ్ల దగ్గర ఎకరం పది గుంటలు. చామంతి, బంతి వేస్తాం. పాలీహౌజ్ అంటే ఇనుప పైపుల మీద ప్లాస్టిక్ కప్పిన పెద్ద పందిరి. మొయినాబాద్ దిక్కు చాలామంది వేశారు. అందులో జర్బెరాలు పెంచుతారు, పెళ్లి స్టేజీలకు పెట్టే రంగురంగుల పెద్ద పూలు. ఆయనకు దాని మీద ప్రాణం. ఆయన పోయాక ఆ కోరిక నాకు చుట్టుకుంది. ఎట్లయినా సరే వేసి చూపించాలి అనుకున్నాను. ఎవరికి చూపించాలో అడగకండి.

ఆ ఏడే బిడ్డ ఇంటర్ అయిపోయింది. గండిపేట దిక్కున్న యూనివర్సిటీలో ఫైనాన్స్ చదువుతానంది. మా ఊళ్లో ఫైనాన్సోళ్లంటే బండి కిస్తీ కట్టకపోతే ఇంటి ముందుకొచ్చి నిలబడేవాళ్లు.

“గాళ్లల్ల కలుస్తవా బిడ్డ?” అన్నాను.

“గాళ్లు ఇంటికి రాకుంట ఎట్ల బతకాల్నో చెప్పే చదువమ్మా” అన్నది.

మొదటి ఏడు మనిషి సొంత డబ్బు సంగతి చెప్పారట. చాయపత్త నుంచి ఎరువు బస్తా దాకా నన్ను అడిగి రాసుకుంది. ఆపదకు దాచిన పైసలు ఎక్కడంటే బియ్యం డబ్బా చూపించాను.

“బ్యాంకుల ఏస్తే మిత్తి వస్తది గదా.”

“ఆయితారం నాడు ఆపదొస్తే నీ బ్యాంకు తలుపు తీస్తదా?”

చివరికి సగం డబ్బాలో, సగం బ్యాంకులో అని రాజీకొచ్చాం. రెండు రోజులు నాకు బుక్క దిగలేదు. వడ్డీ పడిన నాడు మాత్రం ఫోన్లో రెండుసార్లు చూపించమన్నాను.

మూడో ఏడు కంపెనీల పెట్టుబడులు. ఒక పనిలో ఎంత పెట్టాలి, ఎన్నేళ్లకు తిరిగి వస్తుంది, అసలు పెట్టాలా వద్దా అని లెక్క కట్టి సార్ల ముందు నిలబడి చెప్పాలట. తోటి పిల్లలు పెద్ద పెద్ద కంపెనీలు తీసుకున్నారు. నా బిడ్డ వాళ్ల బాపు కోరుకున్న పాలీహౌజ్ తీసుకుంది. అప్పటికే పందిరి వేసే కాంట్రాక్టరు మా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. బ్యాంకు లోను తానే ఇప్పిస్తానన్నాడు. పట్టా పాసుబుక్కు తాకట్టు పెట్టాలి, సోమవారం సంతకం.

శనివారం పొద్దున బిడ్డ లాప్‌టాప్ తెచ్చి వాకిట్లో నా పక్కన కూర్చుంది.

“అయిదేండ్లల్ల లోన్ క్లియర్. ఆరో ఏడు సంది వచ్చేదంత మనదే.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊరికే, వినాలనిపించి, నెలనెలకూ ఎంతొస్తుందో చదవమన్నాను. చదివింది. అన్ని నెలలకూ పువ్వు ధర ఒక్కటే.

“ఈ రేటు యాడిది?”

“నువ్వు కూలికి పోయిన పాలీహౌజ్ సేటు దగ్గర మార్కెట్ చీటీలు తెచ్చిన. మాఘమాసంయి.”

మాఘమాసం అంటే పెళ్లిళ్ల జోరు. నా నోట్లో నుంచి మాట దానంతట అదే వచ్చింది.

“మరి మూఢంల ఎవ్వడు కొంటడు బిడ్డ?”

“మూఢమంటే లగ్గాలుండవు. గంతే గద?”

“లగ్గం లేకుంటే జర్బెరా ఎవనికి? దేవునికి పెట్టరు, కొప్పుల పెట్టుకోరు. కొయ్యకుంటే చెట్టు పాడైతది. కోసి ఏం జేస్తవ్?”

ఏం చేస్తారో నాకు తెలుసు. ఆయన పోయాక రెండేళ్లు ఆ సేటు దగ్గర కూలి చేశాను. మూఢం వస్తే పొద్దున్నే గంపలకు గంపలు కోసి, మేమే తీసుకుపోయి గట్టు మీద పారబోసేవాళ్లం. బర్రెలు కూడా మూతి పెట్టేవి కావు. ఇంత తెలిసీ ఇన్ని రోజులు ఎందుకు నోరు విప్పలేదంటే, ఆయన కోరిక ముందు నాకు ఇంకేదీ కనబడలేదు. పైగా లెక్క కంప్యూటర్లో ఉంది, ఇంగ్లీషులో ఉంది. తప్పెట్లా ఉంటుందనుకున్నాను.

వేరే పిల్లయితే నీకేం తెలుసని అనేది. ఇది అనలేదు. లాప్‌టాప్ మూసి పంతులు ఇంటికి పోయి పాత పంచాంగాలు అడిగి తెచ్చింది. మూఢం ప్రతి ఏడూ ఒకే నెలలో రాదు. ఒక ఏడు కొన్ని రోజులు, ఒక ఏడు నెలలు. ఆషాఢం వేరే. ఆ రోజులన్నీ ఏరి, సేటును బతిమాలి ఆ రోజుల చీటీలు కూడా తెచ్చి, లెక్క మళ్లీ మొదటి నుంచి వేసింది. ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, కలుపుకోకుండా నా ముఖం చూసింది.

“లోన్ తీరదమ్మా. రెండేండ్లు వరుసగ పెద్ద మూఢాలొస్తే భూమి పోతది.”

సోమవారం కాంట్రాక్టరుకు వద్దని చెప్పాను.

“మీ ఆయన ఉంటే ఏస్తుండె” అని ఎత్తిపొడిచాడు.

“ఉంటే గాయన గూడ బిడ్డ చెప్పిన లెక్క ఇంటుండె. నువ్వు పో అన్నా” అన్నాను.

సార్ల ముందు లెక్క చెప్పే నాడు యూనివర్సిటీకి నన్నూ తీసుకుపోయింది. ఆఖరు బెంచీలో కూర్చున్నాను. గోడ మీద అంకెలు పడ్డాయి. వాటి పక్కన తెలుగులో మూఢం అని రాసి ఉందట. నా ముందున్న పిలగాడు పక్కవాడితో, “ఎక్సెల్‌ల మూఢం ఏందిరా! అమావాస్య గూడ ఉంటదేమో” అని కిసుక్కున నవ్వాడు. సారు నవ్వలేదు.

“ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా?”

“పుస్తకంల లేదు సార్. మా అమ్మ పాలీహౌజ్‌ల కూలి చేసింది. మూఢంల కోసిన పూలు గంపలతోని పారబోసింది. ఆమె చెప్పకుంటే నా లెక్క తప్పు, మా భూమి బ్యాంకుల ఉంటుండె. అగో, ఆఖరుకు కూసున్నది.”

అంతమంది ముందు, కూలి అన్న మాట ఎక్కడా మింగకుండా చెప్పింది. అందరూ వెనక్కి తిరిగారు. సారు నా దగ్గరికే నడిచి వచ్చి, చామంతిలో మూఢం దెబ్బ ఎంత ఉంటుందని అడిగాడు. నేను లేచి నిలబడ్డాను. మార్కెట్లో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు నాది, ఆ గది మొత్తం వినబడింది. “చామంతి దేవుని పువ్వు సారూ. దేవునికి రోజూ కావాలె. ధర తగ్గుతది గని పారబొయ్యం” అన్నాను. ముందున్న పిలగాడు పుస్తకం తీసి రాసుకున్నాడు.

మా ఎకరం పది గుంటలు మా పేరు మీదనే ఉన్నాయి. నిన్ననే చామంతి నారు పెట్టాం, బిడ్డా నేనూ కలిసి. తనను పొగిడిన చోటల్లా బిడ్డ రాయడం ఆపి తల వంచుకుంటోంది, నేను చూడటం లేదనుకుని. ఆ ముక్కలు రాసిందో ఎగ్గొట్టిందో నాకేం తెలుస్తుంది? ఏది బిడ్డ, మొదటి సంది చదువు. జర గట్టిగ చదువు.