తలుపు మీద బొట్టు

జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చే నాగరాణికి నలభై దాటాయి. పెళ్లి కాలేదు, ఇల్లు కట్టలేదు. చుట్టాల లెక్కలో ఆమె బతుకు ఇంకా మొదలే కాలేదు. లోపల ఎదురుచూసే మనిషి లేకపోయినా, ప్రతి శుక్రవారం తను కిరాయికి ఉంటున్న ఒంటిగది తలుపును తడిగుడ్డతో తుడిచి, గడపకు పసుపు రాస్తుంది. పెళ్లి పిలుపులకు వచ్చేవాళ్లు తాళం వేసిన ఇళ్లకు తలుపు మీద బొట్టు పెట్టి పోతారు. ఆమె గదిని మాత్రం దాటేస్తారు. ఆ గురువారం సాయంత్రం తన తలుపు మీద కుంకుమ చూసి నాగరాణి నిలబడిపోయింది.

“పాత కిరాయోళ్లు ఇంకా ఉన్నరనుకొని పెట్టిన్రు బిడ్డా,” అంది పక్కింటి నారమ్మ.

“ఇప్పుడీ ఇంట్ల నేనున్న గద పెద్దమ్మా. పెండ్లికి నేనే పోత.”

మర్నాడు తలుపు తుడుస్తూ, బొట్టు చెరగకుండా దాని చుట్టూ గుడ్డ తిప్పింది.