సీటు ఆపిన టైపు మిషన్

ఆ రోజుల్లో పిల్లల ఆదివారాలను గుర్తుచేయడానికి ఫోన్లు లేవు. ఎవరికి ఏ పరీక్ష, ఎవరికి ఏ ఆట, ఏ ఊళ్లో, ఎన్ని గంటల బస్సుకు అన్నదంతా ఇంట్లో ఎవరో ఒకరి తలకాయలో ఉండేది. మా అక్క ఇంట్లో ఆ తలకాయ నాది. అది ఎంత గొప్పదో ఇప్పుడు చెబుతాను. ఒకే ఆదివారం సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూళ్లూ చుట్టి, మామ ఇద్దరు పిల్లలనూ గెలిపించుకొచ్చాడని మావాళ్లు ఇన్నేళ్లుగా ప్రతి శుభకార్యంలోనూ చెప్పుకుంటున్నారు. మొన్న మేనల్లుడి గృహప్రవేశంలో ఆ ఘనతకు నాకు శాలువా కూడా కప్పారు. కప్పించుకున్నాను. అప్పటి నుంచి మెడ దగ్గర ఒకటే దురద (శాలువా మంచిదే). అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. సూర్యాపేటలో అక్క దగ్గర ఉంటూ ఒక ఎరువుల దుకాణంలో పని చేసేవాణ్ణి. అక్క దవాఖానలో నర్సు, బావ ఉద్యోగం దూరపు ఊళ్లో. ఆ ఆదివారం అక్కకు డ్యూటీ పడింది. అక్క కొడుకు, పదహారేళ్ల పెద్దోడికి మధ్యాహ్నం పన్నెండుకు మిర్యాలగూడలో టైపు పరీక్ష. వాడి చెల్లెలు, పదమూడేళ్ల చిట్టికి కోదాడలో ఖోఖో పోటీలు, గెలుస్తూ పోతే సాయంత్రం నాలుగింటికి ఫైనల్. చిట్టిని బడి జట్టుతో, వాళ్ల ఆటల మేడంతో కోదాడ బస్సెక్కించి, నేను పెద్దోడి వెంట మిర్యాలగూడ పోయి, పరీక్ష అయ్యాక అటు నుంచి అటే కోదాడకు ఫైనల్ చూడ్డానికి రావాలి. "వస్తవా మామా, నిజంగ?" అని చిట్టి మూడుసార్లు అడిగింది. "రాకుంటనా!" అని మూడుసార్లు చెప్పాను.

ఇప్పటివాళ్లకు తెలియదు గానీ, అప్పట్లో టైపు పరీక్షకు ఎవరి మిషన్ వాళ్లే మోసుకుపోవాలి. నేర్పే సారు పాత దుప్పట్లో మూట కట్టి మిషన్ నా చేతికిస్తూ, "పైలం! పిల్లగాడు తప్పిపోతే ఎవలన్న తెచ్చిస్తరు. మిషన్ పోతే తెచ్చియ్యరు" అన్నాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని సూర్యాపేట బస్టాండుకు చేరాను.

కోదాడ బస్సు వచ్చింది, జనం ఎగబడ్డారు. కిటికీలోంచి రుమాలు వేసి సీటు ఆపుకోవడం అప్పటి పద్ధతి. నేనూ వేశాను. లోపల ఎవరో దాంతో మొహం తుడుచుకుని, మర్యాదగా కిటికీలోంచి తిరిగిచ్చారు. అప్పుడు నా తలకాయ పని చేసింది. రుమాలు తీస్తారు, సంచి తీస్తారు, ఇరవై కిలోల ఇనుమును ఎవడు తీస్తాడు? మిషన్ మూటను ఎత్తి కిటికీలోంచి సీటు మీదికి దించాను. ఒక్కడు కదిలించలేదు. చిట్టి ఎక్కి, ఆ మూట పక్కన మహారాణిలా కూర్చుంది. "అందరు ఎక్కనియ్యి, దారి ఖాళీ అయినంక మిషన్ తీసుకుంట" అని చెప్పి, నా తెలివికి నేనే మురిసిపోయి గోలీసోడా తాగడానికి వెళ్లాను.

గోలీ లోపలికి దిగిన చప్పుడూ, కండక్టర్ "రైట్ రైట్" అన్న కేకా ఒకేసారి వినిపించాయి.

"మామా! మిషన్!" అని చిట్టి కిటికీలోంచి అరుస్తూనే ఉంది. బస్సు మలుపు తిరిగింది. సోడా సీసాతో గేటు దాకా ఉరికాను. వెనక నుంచి దుకాణంవాడు, "సీస ఇచ్చి ఉరుకు!" అన్నాడు.

పెద్దోడి మొహం చూడలేకపోయాను. "ఈ పరీక్ష పోతే మల్ల ఆర్నెల్లు ఆగాలె మామా" అన్నాడు. "నువ్వు పోయి మిర్యాలగూడ బస్టాండ్ల కూసో, కదలకు. కోదాడ పోయి మిషన్ నేను తెస్త" అని వాణ్ణి బస్సెక్కించి, నేను కోదాడ బస్సెక్కాను. అది మునగాల దగ్గర పంక్చరైంది. కోదాడ మైదానానికి చేరేసరికి పది దాటింది.

చిట్టి జట్టుతో కూర్చుని రిబ్బన్ కట్టుకుంటోంది. మిషన్ ఏదన్నాను.

"బస్సు దిగంగనే మిర్యాలగూడ బస్సుకు పంపిన మామా. డ్రైవర్ ఎనక సీట్ల పెట్టిచ్చిన. కండక్టర్ 'ఏంటమ్మాయ్, మిషన్‌కి టికెట్టా?' అన్నడు. హాఫ్ టికెట్ కొట్టు, దీనికింక పన్నెండేండ్లు నిండలే అన్న. నవ్వి కొట్టిండు. పరీక్షకు అన్న ఎట్లైనా ఆడ బస్టాండ్ల దిగుతడు కదా, కేకేసి ఇయ్యమని డ్రైవర్‌కు చెప్పిన."

అప్పుడే ఆ పిల్లను భుజాన ఎత్తుకోవాల్సింది. నేనేం చేశానో తెలుసా? పదిమంది ముందర, "బుద్ధుందా నీకు? మిషన్ను ఎవలో ముక్కు మొహం తెల్వనోళ్ల చేతిల పెడ్తవా? అన్న పరీక్ష ఖతం చేసినవ్" అని తిట్టాను. (మిషన్ను బస్సులో వదిలి సోడాకు పోయినవాడి నోటి మాట అది.) చిట్టి తల వంచుకుని రిబ్బన్ విప్పి మళ్లీ కట్టుకుంది. నేను వెనక్కి చూడకుండా మిర్యాలగూడ బస్సెక్కాను.

ఒంటిగంటకు పరీక్ష కేంద్రం ముందు దిగాను. లోపల మిషన్లన్నీ రాళ్లవాన కురిసినట్టు మోగుతున్నాయి. కిటికీలోంచి చూస్తే మూడో వరుసలో పెద్దోడు, వాడి ముందు మా మిషన్, కుర్చీకి వేలాడుతూ సారు దుప్పటి! నిలబడ్డ చోటే గంతేశాను. కాపలావాడు కర్ర చూపించాడు.

బయటికొచ్చి పెద్దోడు నన్ను వాటేసుకున్నాడు. "డ్రైవర్ దిగి 'టైపు మిషన్ పిలగాడెవరయ్యా?' అని అరిసిండు మామా. భలే పంపినవ్!" నేను కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. వాడి సంతోషం అంత అందంగా ఉంటే ఎందుకు పాడుచేయాలనిపించింది, అని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఎదురుగా కోదాడ బస్సు నిలబడి ఉంది. ఎక్కితే ఫైనల్ అందేది. తిట్టిన మొహంతో ఎట్లా పోను? పెద్దోడికి పూరీలు తినిపించి, ఇద్దరం మిషన్ పట్టుకుని సూర్యాపేట వచ్చేశాం.

చీకటి పడుతుండగా వీధి చివర ఈలలు వినిపించాయి. చిట్టి జట్టు గెలిచింది! ఆఖరున మిగిలిన చిట్టి, గంట కొట్టేదాకా ఒక్కరికీ దొరకలేదట. ఆమె కప్పుతో లోపలికి వచ్చేసరికి అక్క నాకు రెండో గ్లాసు చాయ్ పోస్తూ, "మా తమ్ముడు లేకుంటే ఇయ్యాల నా పిల్లలు ఆగమయ్యేటోళ్లు" అంటోంది. చిట్టి నా వైపు చూసింది. నేను గ్లాసులోకి చూశాను.

"అవునమ్మా," అంది చిట్టి. "మామ లేకుంటే మిషన్ కోదాడకు వచ్చేదే కాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మాట ఇన్నేళ్లుగా లోపల ముల్లులా ఉంది.

పెద్దోడు పరీక్ష పాసయ్యాడు, ఆ టైపుతోనే ఉద్యోగమూ వచ్చింది. చిట్టి ఇప్పుడు బడిలో ఆటల టీచరు. మొన్నటి శాలువా తర్వాత ఆమెను పక్కకు పిలిచి, "మిషన్ పంపింది నువ్వేనని అప్పుడే ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను. "చెప్తె అమ్మ నిన్ను ఇంట్ల ఉండనిచ్చేదా మామా? నువ్వు తిట్టిన కోపంతోటే ఆడిన, ఎవలకు దొరకలే. కాని ఆట అయిపోయేదాక గేటు దిక్కే సూసిన" అంది.

పోయిన ఆదివారం కోదాడలో చిట్టి బడి పిల్లల ఖోఖో. మొదటి బస్సుకే పోయాను. ఆట మొదలు కావడానికి గంట ముందే ముందు వరుసలో రెండు కుర్చీల మీద శాలువా పరిచి కూర్చున్నాను. చిట్టి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"రెండు సీట్లెందుకు మామా?"

"ఒకటి నాకు. ఇంకోటి అప్పుడు రాని పోరగానికి."

చిట్టి మెడలోని విజిల్ అందుకుంటూ, "వానికి హాఫ్ టికెట్ చాలు" అని కోర్టులోకి పోయింది.