బ్లీచింగ్ కోసం తణుకు దాకా

తొంభైల్లో మా ఊళ్లో ఎవరి రొయ్యల చెరువుకీ రోగం వచ్చేది కాదు. రొయ్యలు చచ్చేవి, అంతే. అడిగితే మాత్రం "బ్రహ్మాండంగా ఉందండి" అనేవాళ్లు. అందరికంటే గట్టిగా అనేవాడు మా నాన్న.

ఓ వేసవిలో మా రొయ్యల పెంకుల మీద తెల్లమచ్చలు లేచాయి. మేత అమ్మే కంపెనీ టెక్నీషియన్ వచ్చి చూసి, ఇది నీళ్లతో పాకే రోగమని చెప్పి, చెరువులో బ్లీచింగ్ పౌడర్ చల్లి, కొన్నాళ్లు ఆగాకే మురుగుకాలువలోకి వదలమన్నాడు. దిగువనున్న రైతు ఆ కాలువ నీళ్లనే తూము తెరిచి తన చెరువుకు పెట్టుకుంటాడు. ఆయన అప్పుడే కొత్తగా రొయ్యపిల్ల వేశాడు.

నాన్న బెంగ మాత్రం వాసన గురించి. "బ్లీచింగ్ కంపు కొడితే ఊరంతా దండోరా వేయించినట్టే కదరా!" అన్నాడు. నేను ఓ పెళ్లికి వెళ్లొచ్చేసరికి పట్టపగలే సగం చెరువు కాలువలోకి వదిలేశాడు. పరువు మాత్రం చుక్క కారకుండా కాపాడాడు.

గట్టు మీదే ఇద్దరం కొట్టుకున్నంత పని చేశాం. వారం రోజులు మాటల్లేవు. బయట ఎవరైనా చెరువు సంగతి అడిగితే మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట, బ్రహ్మాండం. చివరికి మిగిలిన సగానికి బ్లీచింగ్ చల్లడానికి ఆయన ఒప్పుకున్నాడు. కానీ మా ఊళ్లో కొనకూడదు, తణుకులో కొనాలి. వాసనేంటని అడిగితే మరుగుదొడ్డి కడిగించామనాలి. రెండెకరాల మరుగుదొడ్డి ఎవరికుంటుందో ఆయనే చెప్పాలి.

తణుకు కొట్లో నా ముందు బ్లీచింగ్ సంచులు కట్టించుకుంటున్నది ఎవరా అని చూస్తే, దిగువ చెరువు రైతే. ఆయనకు దాపరికమేమీ లేదు.

"మా రొయ్య పోయిందండి. ఊళ్లో సరుకు చాల్లేదు, ఇటొచ్చాను. మా కింద ఇంకా చెరువులున్నాయి కదండీ, ఊరికే వదిలేస్తే వాళ్లూ పోతారు. మీరేంటండి ఇలా వచ్చారు?"

మరుగుదొడ్డి మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ముఖం చూస్తూ అనలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"ముందు పోయింది మాదేనండి. ఆ నీళ్లు మేమే వదిలాం."

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన సంచి మూతి బిగించి కడుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఒక్క మాట చెబితే సరిపోయేదండి. నా తూము మూసుకునేవాణ్ణి."