పులిహోర పొట్లం

మా పాపకు బొమ్మల పుస్తకం చదివి వినిపిస్తున్నాను. ఒక బొమ్మలో, యుద్ధం వల్ల ఊరొదిలి వచ్చిన పిల్ల, శిబిరంలో రొట్టె చేత్తో పట్టుకుని కూర్చుంది. తినడం లేదు.

నాకు చిన్నప్పటి మా బడి గుర్తొచ్చింది. వరదప్పుడు గోదావరి లంకల వాళ్లను అందులో ఉంచి, పూటపూటా పులిహోర పొట్లాలు పంచేవారు. మా ఇంట్లో పులిహోర పండగలకే.

"మీకు రోజూ పండగేనేంటే!" అన్నాను, మెట్ల మీద కూర్చున్న నా ఈడు పిల్లతో.

"అయితే నువ్వే తిను. మా ఇల్లు గోదాట్లో కలిసిపోయిందంట," అంటూ పొట్లం ఇచ్చేసింది.

ఆకలి లేదేమో అనుకుని, వేరుశెనగ గుళ్లతో సహా తినేశాను.

"ఈ పిల్లకి ఆకలెయ్యదా నాన్నా?" అంది పాప, బొమ్మ మీద వేలు పెట్టి.

"వేస్తుందమ్మా. ఎవరైనా పక్కన కూర్చుంటే తింటుంది."

నేను ఆ రోజు ఖాళీ పొట్లం ఆ మెట్ల మీది పిల్ల పక్కనే పడేసి, ఆటకు పరిగెత్తాను.