మా అంగడి విత్తనాలు మొలవలేదు

ఈ వారం మా పాపకు మూడో తరగతిలో విత్తనం మొలకెత్తే పాఠం. ఇంట్లో ఒక గ్లాసులో తడి దూది పరిచి, దాని మీద నాలుగు విత్తనాలు పెట్టాల. రోజూ ఏం కనపడిందో కాగితంలో రాసి, బొమ్మ గీయాల. శనివారం ఆ కాగితాలన్నీ టీచరమ్మ తరగతి గోడకు అతికిస్తుంది.

నేను కిరాణా అంగట్లో పెరిగి, ఇప్పుడు కిరాణా అంగట్లోనే కూర్చున్నదాన్ని. శెనక్కాయ విత్తనాల మూటలో చెయ్యి పెడితే చాలు, సరుకు ఎట్లాంటిదో చెప్పేస్తానని నాకు గొప్ప. ఆదివారం సాయంత్రం మూటంతా కెలికి, లావుగా, ఎర్రగా, నున్నగా ఉండేవి నాలుగు ఏరి గ్లాసులో పెట్టించినాను. పక్కన కూర్చునే స్నేహితురాలు చిన్న చిన్న శెనక్కాయ విత్తనాలు పెట్టుకుందని పాప చెప్తే, "అవి యాడ మొలుస్తాయిలే, మనవి చూడు" అన్నాను.

బుధవారానికి ఆ చిన్నవి మొలకెత్తినాయి. మావి ఉబ్బి, బద్దలు విడిపోయి, వాసన కొట్టినాయి.

గురువారం పాప అన్నం ముందర కూర్చోని ఏడ్చింది. "అందరి కాగితంలో మొలక బొమ్మ ఉంటాది. నేనేం గీయల్ల?"

నాకు తెలిసిన విద్య బేరమొకటే. పాపను వెంటబెట్టుకుని ఆ స్నేహితురాలి ఇంటికి పోయినాను. వాళ్లమ్మ కూలికి శెనక్కాయలు ఒలుస్తుంది. వాకిట్లో కాయల కుప్ప ముందర కూర్చోని పటుక్కు పటుక్కున ఒలుస్తాంది.

"చెల్లీ, రెండు మొలకలియ్యి. మీ పాపకు రంగు పెన్సిళ్ల డబ్బా ఇస్తా."

ఆమె ఇంకో కాయ తీసుకుని ఒలిచింది.

"సరే, రబ్బరు కూడా."

ఆమె నవ్వింది. "ఏమక్కా, అంగడి పెట్టుకోని ఇది తెలీదా? నువ్వు పెట్టినవి మిషన్‌లో కొట్టినవే కదా?"

"అవును. శుభ్రంగా ఉంటాయి."

"తినేదానికి శుభ్రమే. మిషన్‌లో పడితే పొట్టు లేస్తాది, మొలకొచ్చే మొన ఇరిగిపోతాది. విత్తేదానికైతే చేత్తోనే ఒలవల్ల. లేకుంటే మాకు ఈ పని యాడుంటాది?"

ఒక విత్తనం విప్పి చూపించింది. రెండు బద్దల మధ్య, ఒక కొనన, బియ్యపు నూకంత మొలక పడుకోని ఉంది. నేను పుట్టినప్పటి నుంచి నములుతున్నది దాన్నే. చూసింది మాత్రం ఆ రోజే.

"అయితే ఒక్క మొలకైనా..." అన్నాను. బేరం మధ్యలో వదిలేయడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు.

పాప నా కొంగు లాగింది. "వద్దుమా. అవి వాళ్లవి. మనవి ఏమైనాయో నేను అదే రాస్తా."

శనివారం బడి వదిలే వేళకు పోయి చూస్తే, కాగితం గోడ మీద ఉంది. మొన ఉన్న విత్తనం ఒకటి, మొన లేనిది ఒకటి గీసింది. కింద రాసింది: "మా అమ్మ ఇచ్చిన నాలుగు విత్తనాలు మొలవలేదు. అవి మిషన్‌లో దెబ్బ తిన్నాయి. మా అమ్మకు ఈ సంగతి తెలీదు."

"టీచరమ్మా, ఆ చివరి వాక్యం ఒక్కటి కొట్టేయకూడదా?"

"చూసింది చూసినట్టు రాయమన్నానమ్మా."

"పోనీ, 'మా అమ్మకు' అనే చోట 'ఒకామెకు' అని..."

టీచరమ్మ నవ్వు ఆపుకుంటా, కాగితం మూలలు అరచేత్తో ఇంకోసారి గట్టిగా ఒత్తింది. పాప పక్కనే నిలబడి, వచ్చినవాళ్లకంతా వేలు పెట్టి చదివి వినిపిస్తాంది. చివరి వాక్యం దగ్గర గొంతు ఇంకొంచెం పెంచుతాంది.