స్కూల్ బస్సుకి హీటర్ బిగించిన శనివారం

హీటర్ వచ్చినప్పుడు నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను. గుమ్మం ముందు పెట్టె పడిన చప్పుడు వినగానే కెమెరా ఆఫ్ చేసి పరుగెత్తాను. కాల్‌లో ఎవరో నన్ను రెండుసార్లు పిలిచారట. వినపడితే కదా! అప్పటికే వంటింటి కత్తితో పెట్టె కోసేసి, లోపలున్న నల్లటి యంత్రాన్ని చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

అది డీజిల్‌తో నడిచే హీటర్. లారీ డ్రైవర్లు ఇంజన్ ఆపేసి క్యాబిన్‌లో పడుకునేటప్పుడు వాడుకునే రకం. పేరున్న కంపెనీలవైతే బాగా ఖరీదు. నేను తెప్పించింది వాటిని చూసి ఎవరో చేసిన చవక నకలు. కూడా వచ్చిన కాగితంలోని ఇంగ్లిష్ చదివితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకచోట ‘యంత్రమును సంతోషముగా శ్వాసింపనిమ్ము’ అన్న అర్థం వచ్చేలా ఏదో రాశారు. మా ఆయన ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

“గింత చీప్ హీటరా? దీన్ని పెట్టుకొని లోపల పండుకుందామంటున్నవా?”

“దుప్పట్లు కప్పుకునే పడుకుందాంలే.”

“జోక్ కాదు. డీల్ చెప్తున్న, విను. శనివారం ఇన్‌స్టాల్ చెయ్యి. ఆ రాత్రి బస్సులనే పండుకుందాం. నాకు చలి పెట్టినా, భయమైనా, ఆదివారం పొద్దున యాడ్ పోస్ట్ చేస్త. బస్ సేల్. ఓకేనా?”

యాడ్ అప్పటికే రాసి ఫోన్‌లో దాచుకున్నాడు. ఫోటోలతో సహా.

అతని తప్పేం లేదు. నాది ఆరంభశూరత్వమని మా స్నేహితుల్లో తెలియనివాళ్లు లేరు. మా క్లాజెట్‌లో ఒక వయొలిన్, బాల్కనీలో ఒక కుమ్మరి చక్రం అందుకు సాక్షులు. కాని బస్సు వేరు. మిషిగన్‌లోని నోవైలో కార్ల విడిభాగాలు చేసే సంస్థలో నా ఉద్యోగం. కారు లోపల ఏ సీట్లో ఎంత వెచ్చగా ఉంటుందో కంప్యూటర్‌లో లెక్కకట్టి చెప్పడం నా పని. పదకొండేళ్లుగా చలిని స్క్రీన్ మీద నీలంరంగులో చూస్తున్నానే తప్ప దానిలో నిలబడింది లేదు. గ్యారేజ్ నుంచి ఆఫీస్‌కి, ఆఫీస్ నుంచి కాస్ట్కో స్టోర్‌కి. ఇక్కడ అన్ని చలికాలాలు గడిపి కూడా గడ్డకట్టిన లేక్ సుపీరియర్‌ని చూడలేదంటే నాకే సిగ్గేసేది. అక్కడికి మా సొంత గదిలో వెళ్లి, నిద్ర లేవగానే కిటికీలోంచి ఆ మంచును చూడాలని నా కోరిక. రిటైరైన ఆ పొట్టి స్కూల్ బస్సును అందుకే కొన్నాను. సీట్లు పీకేసి మంచం, స్టవ్వు, ఒక బ్యాటరీ పెట్టుకున్నాం. ఇక వెచ్చదనం ఒక్కటే బాకీ.

బస్సును మా అపార్ట్‌మెంట్ వాళ్లు లోపలికి రానివ్వరు. ఊరి చివర ఒక పెద్దావిడ తన ఇంటి వెనక కంకర నేలలో పెట్టుకోనిచ్చింది. ఆవిడ ముప్ఫై ఏళ్లు స్కూల్ బస్సు నడిపిన మనిషి. మా బస్సును మొదటిసారి చూసినప్పుడు మాకంటే ముందు దాన్నే పలకరించింది.

శనివారం ఎనిమిదింటికల్లా అక్కడున్నాం. మడమలు మునిగేంత మంచు. ముందు బస్సు నేలకు కన్నం పెట్టాలి. హీటర్ లోపల కూర్చుంటుంది, దాని పొగగొట్టం, గాలి పీల్చుకునే గొట్టం, డీజిల్ గొట్టం మాత్రం నేలలోంచి కిందికి దిగాలి. నిండు ప్రాణంతో ఉన్న బస్సుకి బొక్క పెట్టడమంటే మాటలా? మా ఆయన కింద దూరి టార్చ్‌తో వెతికాడు.

“బ్రేక్ లైన్ లెఫ్ట్ సైడ్ ఉంది. నువ్వు మార్క్ చేసిన చోట ఏం లేదు. కొట్టు!”

“పక్కానా?”

“పక్కా. ఆగు, ఆగు, ఫస్ట్ నన్ను బయటికి రానీ!”

డ్రిల్లు ఇనుములోకి దిగుతుంటే బస్సంతా జిల్లుమంది. నా చేతులు భుజాల దాకా అదిరాయి. చివరికి గుండ్రటి ఇనుపబిళ్ల టంగున కిందపడి, ఆ కన్నంలోంచి తెల్లటి మంచు కనిపించింది. నేను పెట్టిన కేకకి పెద్దావిడ కుక్క మొరగడం మొదలుపెట్టింది. నా చేత్తో ఒక వస్తువును నిజంగా కోశాను! పదకొండేళ్లలో ఏ రిపోర్టూ నాకంత గర్వం ఇవ్వలేదు.

ఆ తర్వాత పని పాకాన పడింది. హీటర్ కింద ఇనుప పలక, దాని కింద వేడికి ఓర్చే అట్ట, నాలుగు బోల్టులు. పొగగొట్టాన్ని బస్సు పక్క అంచు దాటించి బయటికి తిప్పాను, కిందే వదిలేస్తే పొగ మళ్లీ లోపలికి ఎక్కుతుంది కాబట్టి. దాన్ని పట్టి ఉంచే క్లాంపును నేనొకసారి, మా ఆయన ఒకసారి బిగించాం. అతను మూడోసారి కూడా బిగించాడు. మంచం పక్కన గోడకు, చేతికి అందే ఎత్తులో, కార్బన్ మోనాక్సైడ్ అలారం తగిలించాను. రంగూ వాసనా లేని ఆ విషవాయువు ఎంతుందో అంకెల్లో చూపించే రకం. అది లేకుండా లోపల కాలు పెట్టనని డీల్‌కి తర్వాత ఇంకో షరతు కలిపాడు.

స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది. డీజిల్ పంపు టిక్కు, టిక్కు, టిక్కు అంది. రెండు నిమిషాలకు స్క్రీన్ మీద ఎర్రర్ వచ్చి అంతా ఆగిపోయింది. మళ్లీ వేశాను. మళ్లీ ఆగింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ మా ఆయన ముందుకొచ్చాడు. ఎర్రర్ కోడ్ కనిపిస్తే సాఫ్ట్‌వేర్ వాడు ఊరుకోలేడు కదా.

“స్టార్ట్ అయ్యేటప్పుడు వోల్టేజ్ డ్రాప్ అవుతుంది చూడు. ఏం వైర్ వాడినవ్?”

చూపించాను.

“ఇది దీపావళి లైట్లకు వాడే వైర్ లెక్క ఉంది. నువ్వు నిజంగా ఇంజనీర్‌వేనా?”

ఇంకో సమయంలో అయితే ఆ మాటకు రెండు రోజులు మాట్లాడేదాన్ని కాదు. అప్పుడు మాత్రం నోరు మూసుకుని లావు వైరు అందించాను. దాన్ని అతనే కత్తిరించి, అతనే బిగించాడు. బస్సులో అతను ఇష్టపడి చేసిన మొదటి పని అదే.

మూడోసారి స్విచ్ వేశాను. టిక్కు, టిక్కు, టిక్కు. బయట గొట్టంలోంచి గుప్పున తెల్లటి పొగ వచ్చి, కాసేపటికి మాయమైంది. లోపల గాలి మొదట చల్లగా, తర్వాత గోరువెచ్చగా, తర్వాత వేడిగా మారింది. వేడి! నా చేత్తో తెచ్చిన వేడి! అరగంటలో కిటికీల మీది మంచు కరిగి ధారలు కట్టింది. మా ఆయన గ్లవ్స్ తీశాడు, టోపీ తీశాడు, కాసేపు ఆగి జాకెట్ జిప్పు కూడా దించాడు. నేను చూస్తున్నానని తెలిసి మొహం అటు తిప్పుకున్నాడు. నేను ఉబ్బితబ్బిబ్బైపోయాను. ఆ ఊపులోనే నా తెలివి మంట కలిసింది.

కొత్త వస్తువుకి పూజ చేయకుండా ఎలా? బస్సు కొన్న రోజున గుడి పార్కింగ్‌లో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. మరి ఇది అగ్నిదేవుడి సరుకాయె. హీటర్‌కి పసుపు, కుంకుమ పెట్టి, దాని ముందు రెండు సాంబ్రాణి కప్పులు వెలిగించాను. బొగ్గుపొడితో చేసిన చిన్న కప్పులు, మధ్యలో సాంబ్రాణి ఉంటుంది. అంత కష్టపడి తెచ్చుకున్న వేడి బయటికి పోతుందని తలుపు మూశాను. పైకప్పులో గాలి ఆడే కిటికీ కూడా మూశాను. బస్సంతా గుడి వాసన. మంచం మీద కూర్చుని పులిహోర తింటూ సుపీరియర్‌కి ఏ దారిన పోవాలో మాట్లాడుకున్నాం. యాడ్ మాట అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అరగంట కూడా కాలేదు, అలారం చెవులు పగిలేలా అరిచింది.

నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో పోపు పెడితే చాలు, పొగ అలారం మోగుతుంది. ఒకరం టవల్ ఊపుతాం, ఒకరం స్టూల్ ఎక్కి బ్యాటరీ పీకేస్తాం. ఈ దేశంలో మనవాళ్ల వంటిళ్లలో ఇది రోజూ ఉండే తంతే. అలవాటులో పొరపాటని పెద్దలు ఊరికే అనలేదు. పులిహోర గిన్నె పక్కన పెట్టి, ఎడమచేత్తో టవల్ ఊపుతూ, కుడిచేత్తో అలారాన్ని గోడ మీంచి లాగి, వెనకున్న బ్యాటరీ మూత తీయబోయాను. “సాంబ్రాణికే మోగుతోంది, ఆగు, ఆపేస్తా” అన్నానట. నాకు గుర్తు లేదు.

మా ఆయన నా జబ్బ పట్టుకుని మెట్ల మీంచి మంచులోకి ఈడ్చాడు.

“అది పొగ అలారం కాదు!” అని అరిచాడు. ఎప్పుడూ అంత గట్టిగా అరవడం చూడలేదు. ఊపిరి బిగబట్టి వెనక్కి వెళ్లి, హీటర్ ఆపేసి, తలుపులన్నీ తెరిచి వచ్చాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు. బస్సు పోయినట్టేనని అనుకున్నాను.

ఈ గోలకి పెద్దావిడ బూట్లు వేసుకుని వస్తుంటే ఫోన్ మళ్లీ జేబులో పెట్టేశాడు. లోపల ఏం కాల్చారని ఆవిడ అడిగింది. నేను డబ్బాలో మిగిలిన ఒక సాంబ్రాణి కప్పు తెచ్చి చూపించాను. వేలితో గీరి, వాసన చూసి, ఇది బొగ్గు కదా అంది. గ్రిల్ తెచ్చి పడగ్గదిలో పెట్టుకుని తలుపులు బిగించుకుంటారా ఎవరైనా, అని అడిగింది.

కాని నాలో ఇంజనీర్ ఊరుకోలేదు. బొగ్గుదే అని రుజువు చేయకపోతే నిందంతా హీటర్ మీదే పడుతుంది. కప్పుల్ని మంచులో పాతేసి, బస్సును బాగా గాలికి వదిలి, అలారాన్ని కిటికీ అద్దానికి ఎదురుగా పెట్టి, హీటర్ ఒక్కటే వేసి తలుపులు మూసి బయటికొచ్చాం. ముగ్గురం కిటికీ దగ్గర నిలబడి అంకె చూస్తున్నాం. సున్నా. పది నిమిషాలకి సున్నా. అరగంటకి సున్నా. పెద్దావిడ కాఫీ తెచ్చింది. పొద్దు వాలుతుండగా గంట నిండింది. సున్నా!

నేను మంచులో గెంతాను. “చూశావా? హీటర్ పాసైంది! ఒక్క పాయింట్ లీకేజ్ లేదు!”

అతను నవ్వలేదు.

“హీటర్ మంచిదే. నాకు దాన్ని చూసి భయం కాలే. నిన్ను చూసి అయింది. అలారం మొత్తుకుంటుంటే నువ్వు బ్యాటరీ పీకబోయినవ్. అదే నేను నిద్రల ఉండి, నువ్వొక్కదానివే లేచి ఉంటే?”

వైర్ల గురించి, క్లాంపుల గురించి అయితే ఎంతసేపైనా వాదించేదాన్ని. నా చేయి నన్ను అడగకుండానే లేచిందన్నది నిజం. రోజంతా ఎగిరిన నేను అక్కడ చల్లబడిపోయాను.

మా మాటలు అర్థం కాకపోయినా మా మొహాలు పెద్దావిడకి అర్థమయ్యాయి. ఏమైందని అడిగితే మా ఆయన ఇంగ్లిష్‌లో చెప్పాడు. దానికేముంది, నేర్పిస్తే వస్తుందంది ఆవిడ. ఈ బస్సుల్లో చిన్నపిల్లలకు, ప్రమాదంలో బయటికి ఎలా దూకాలో తనే డ్రిల్ చేయించేదట. మమ్మల్ని మంచం మీద పడుకుని కళ్లు మూసుకోమంది. అలారం టెస్ట్ బటన్ నొక్కింది.

మొదటిసారి నా చేయి అలారం మీదికే పోయింది. “మళ్లీ” అంది ఆవిడ, గొడవ చేసే పిల్లల్ని ముప్ఫై ఏళ్లు కూర్చోబెట్టిన గొంతుతో. రెండోసారి బూట్ల కోసం వెతికాను. “మళ్లీ.” మూడోసారి మోగగానే వెనక ఎమర్జెన్సీ డోర్ ఎర్ర హ్యాండిల్ లేపి, సాక్సులతోనే మంచులోకి దూకేశాను. మా ఆయన నా వెనకే దూకి నా మీద పడ్డాడు. పెద్దావిడ తలుపులో నిలబడి మమ్మల్ని వేలితో లెక్కపెట్టింది. ఒకటి, రెండు. ఇద్దరూ ఉన్నారు, ఇక ఇంటికి పోతున్నానంది.

మంచులో కూర్చుని ఇద్దరం పగలబడి నవ్వాం. నవ్వుతూనే అతను మళ్లీ ఫోన్ తీశాడు. నా నవ్వు ఆగింది.

“యాడా?”

“ఇంకో అలారం ఆర్డర్ చేస్తున్న. దాన్ని సీలింగ్‌కి పెడ్త. నీ చేయి అందదు.”

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చలికి అని చెప్పాను, నమ్మినట్టు తలూపాడు.

“మరి ఇవాళ? ఒక్కటే ఉంది కదా” అన్నాను.

“ఇవాళ అలారం దిక్కు నేను పండుకుంట” అన్నాడు, నన్ను చేయి పట్టి లేపుతూ. “నువ్వు డోర్ దిక్కు పండుకో.”