సోమ్లా భుజం మీది తువ్వాల

సూర్యాపేట బస్టాండు వెనక ఆ రోజుల్లో మైకు సెట్టు దుకాణాలు నాలుగుండేవి. నాలుగింటిలోనూ సోమ్లా కట్టినట్టు హారన్ కట్టేవాడు లేడు. అతను తుంగతుర్తిలో హారన్ కడితే నిడమనూరులో పాలిచ్చే బర్రె చెవులు నిక్కబొడిచేదని చెప్పుకునేవాళ్లు. ఆ రెండు ఊళ్ల మధ్య ఎంత దూరమో తెలిసినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. దూరాలు మనుషులకు గాని బర్రెలకు తెలుస్తాయా?

అయితే సోమ్లా అసలు పనితనం హారన్లలో లేదు, భుజం మీది ఎర్ర తువ్వాలలో ఉంది. ఆ సంగతి ముగ్గురు నలుగురికే తెలుసు.

చంద్రమ్మ బుర్రకథ చెప్పేది. కుడి పక్కన గుమ్మెట వాయిస్తూ భర్త వెంకటయ్య, ఎడమ పక్కన జనాన్ని నవ్వించడానికి తమ్ముడు కొండల్. ఫోకస్ లైట్లు వచ్చాక ఆమెకు ముందు రెండు వరుసలు తప్ప జనమే కనబడకుండా పోయారు. "బాయిల మొకం పెట్టి చెప్పినట్టున్నదయ్యా, ఉన్నరో పోయిన్రో తెలుస్తలేదు" అని ఆమె గొడవ పెడితే, వెంకటయ్యే ఉపాయం చెప్పాడు. ఆంప్లిఫైయర్ బల్ల మీద చిన్న బల్బు ఉంటుంది. దాని కింద సోమ్లా కూర్చుంటాడు. జనం అతనికి కనబడతారు, అతను చంద్రమ్మకు కనబడతాడు. తువ్వాల కుడి భుజం మీద ఉంటే కథ బాగా నడుస్తున్నట్టు, ఇంకాస్త లాగొచ్చు. తలకు చుడితే కొండల్ ఏదో ఒకటి అని నవ్వించాలి. మెడ చుట్టూ వేసుకుంటే జనం లేస్తున్నట్టు, కుదించాలి.

సోమ్లా లంబాడీ తండాలో పుట్టినవాడు. పదేళ్లు వచ్చేదాకా తెలుగు సరిగా రాదు. మాట అర్థం కాని రోజుల్లో మొహాలు చూసి బతికాడు గనక, జనాన్ని చదవడం అతనికి ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. "బీడీ సూడాలె. ఇనేటోని బీడీ చేతిలనే ఆరిపోతది. ఇననోడు దాంతోటి ఇంకోటి ముట్టిస్తడు" అనేవాడు. ఆ తువ్వాల చూసుకుంటూ చంద్రమ్మ చెప్పిన కథలకు ఒకసారి తుంగతుర్తిలో ఆడవాళ్లు ఎంత ఏడ్చారంటే, పక్క చేను రైతు ఆ వారం మోటరే వెయ్యలేదు. ఆ చేను ఎవరిదని అడక్కండి, అమ్ముకుని వెళ్లిపోయాడు.

ఎనభై ఏడులో వెంకటయ్య పసిరికలతో, అంటే పచ్చకామెర్లతో పోయాడు. నాలుగు నెలలు చంద్రమ్మ తంబుర ముట్టలేదు. తర్వాత మేనకోడలు జానకికి గుమ్మెట ఇచ్చి, నిడమనూరులో మళ్లీ నిలబడింది. ఆ రోజే పక్క వాడలో ఎవరో కలర్ టీవీ, డెక్కు కిరాయికి తెచ్చి సినిమా వేశారు. గంట గడిచేసరికి సగం చాపలు ఖాళీ. సోమ్లా చెయ్యి తువ్వాల మీదికి పోయింది. సరిగ్గా అప్పుడే చంద్రమ్మ అలవాటు కొద్దీ కుడి పక్కకు చూసింది. అక్కడ వెంకటయ్య లేడు, జానకి ఉంది. ఆ చూపే అటు నుంచి తిరిగి సోమ్లా మీదికి వచ్చింది. సోమ్లా చెయ్యి కిందికి దిగిపోయింది. తువ్వాల కుడి భుజం మీదే ఉండిపోయింది.

దిగి వచ్చాక ఆమె మొహం చాలా రోజుల తర్వాత తేటపడింది.

"మంచిగ నడిచింది గదా తమ్మీ?"

"నడిచింది అక్కా."

ఒక్కరోజుకే అనుకున్నాడు. కాని అబద్ధం తడిసిన బస్తా లాంటిది, ఎత్తేటప్పటి కన్నా మోసేటప్పుడు బరువు. మరో ఊళ్లో మెడకు చుట్టబోతే, 'మరి నిడమనూరులో ఎందుకు చుట్టలేదు' అని అడుగుతుందేమోనని భయం. అలా మూడేళ్లు గడిచాయి. తువ్వాల భుజం దిగదు. దిగదు గనక చంద్రమ్మ కథ ఆపదు. రెండు గంటల కథ మూడున్నర గంటలైంది. చివరికి మిగిలేది ఒక ముసలాయన, రెండు కుక్కలు. ఖాళీ చాపల ముందు ఆమె గొంతు చించుకుంటుంటే చూస్తూ కూర్చోవడం, హారన్లు మొయ్యడం కన్నా ఎక్కువ నొప్పిగా ఉండేది సోమ్లాకు. ఇంటికొచ్చి గోడకు ఒరిగితే భార్య సాలి అనేది: "ఆమెకు చెప్పరాదు? నీకు నిద్ర వస్తది, ఆమెకు గొంతు మిగుల్తది." చెప్తా అనేవాడు. మూడేళ్లూ అదే మాట.

తొంభై మే నెలలో కొండల్ ఉత్సాహంగా వచ్చాడు. మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు హమాలీల సంఘం జెండా పండుగకు కథ చెప్పాలి.

"రాత్రికి లారీలొస్తయట సోమ్లన్నా, అందుకని పొద్దుండంగనే మూడింటికి పెట్టిన్రు. ఫోకస్ లైట్లు అక్కర్లేదు. నీకు ఒక బరువు తగ్గె!"

సోమ్లా చేతిలో చాయి గ్లాసు అక్కడే ఆగింది. వెలుతురులో చంద్రమ్మకు జనం కనబడతారు. తువ్వాలా కనబడుతుంది.

బస్సులో పక్కనే కూర్చున్నాడు, ఈరోజు చెప్పెయ్యాలని. చంద్రమ్మ కిటికీ వైపు మొహం పెట్టి ఏదో కూనిరాగం తీస్తోంది. హమాలీల మీద తనే కొత్త కథ కట్టింది. రాజులు కాదు, బస్తాలు మోసేవాడే వీరుడు.

"అక్కా, ఒక మాట..."

"ముందు నా మాట ఇను. వాళ్ల కథ వాళ్లకే చెప్తున్న. తప్పు పోతే ఇగ తంబుర అటక మీదనే. నువ్వు జర పైలంగ సూడు తమ్మీ. నీ తువ్వాల మీదనే నా పానం."

సోమ్లా తువ్వాల మడిచి మళ్లీ కుడి భుజం మీదే వేసుకున్నాడు.

వడ్లు ఆరబోసే గచ్చు మీద, మిల్లు గోడ నీడలో వందమంది కూర్చున్నారు. చంద్రమ్మ కథ ఎత్తుకుంది. హమాలీ వీరుడు పుట్టాడు, పెరిగాడు, గుట్టను భుజానికి ఎత్తుకోవడానికి వంగాడు. గుమ్మెట ఉరిమింది. ముందు వరుసలో ఒక తల వాలింది. దాని వెనక రెండు. గుట్ట నడుము దాకా లేచేసరికి గురక మొదలైంది. ఒక్కడి చేతిలోనూ బీడీ లేదు, ముట్టించే ఓపిక కూడా లేనట్టు.

చంద్రమ్మ జనాన్ని చూసింది. సోమ్లా కుడి భుజం మీది తువ్వాలను చూసింది. మళ్లీ జనాన్ని చూసింది. తంబుర మీద వేళ్లు ఆగిపోయాయి.

అప్పుడు సోమ్లా, ఎదురుగా ఉన్నది ఒక్క చంద్రమ్మే అన్నట్టు, నెమ్మదిగా తువ్వాల తీసి మెడ చుట్టూ వేసుకున్నాడు.

ఆమె మైకు దగ్గరికి వంగింది. "ఏందన్నలూ, నా కథ బాగలేదా?"

హన్మా అనే పెద్ద హమాలీ ఉలిక్కిపడి లేచాడు. "బాగున్నదో లేదో మాకేం ఎరుక బిడ్డా. మూడు రాత్రుల సంది లారీలు దించుతున్నం. కూసుంటే కన్ను మూతపడ్తున్నది. నువ్వు చెప్పు, నిద్రల ఇంటం."

వెనక నుంచి ఇంకొకడు: "గుట్ట గిట్ట ఎత్తియ్యకు అక్కా! తడి వడ్ల బస్తాకే నడుము పోయింది."

నవ్వారు. ఆ నవ్వుకు నలుగురు నిద్ర లేచారు.

"నడుమేనా? ఇంకేడ నొస్తది?" అంది చంద్రమ్మ.

మెడ వెనక గోనె ఒరుసుకుని తోలు లేచే చోటు చెప్పారు. లారీకి వేసిన చెక్క మీద అడుగు పడగానే అది ఊగితే గుండె జారడం చెప్పారు. ఇంటికి పోయి అన్నం కలుపుకుంటే వేళ్లు ముడుచుకోవని హన్మా చెప్పాడు, చెయ్యి ఎత్తి చూపించాడు. చంద్రమ్మ గుట్టను అక్కడే దించేసింది. జానకికి గుమ్మెట మెల్లగా కొట్టమని సైగ చేసి, ఆ మాటలనే కలుపుతూ జోలపాటంత గొంతుతో ఇరవై నిమిషాలు పాడింది. నిద్రపోయినవాళ్లు నిద్రపోయారు, ఆమె లేపలేదు. మేలుకుని ఉన్న హన్మా బీడీ ముట్టించాడు. పాట అయ్యేసరికి అది చేతిలోనే ఆరిపోయి ఉంది.

తిరుగు బస్సు మూసీ దాటుతుండగా ఆమె సోమ్లా వైపు తిరిగింది.

"ఎప్పటి సంది?"

"నిడమనూరు సంది."

"మూడేండ్లా! మీ బావ ఉంటె నిన్ను తన్నెటోడు."

"తన్నెటోడే."

"నాకూ తన్నబుద్ధయితున్నది గాని చెయ్యి లేస్తలేదు. ఎందుకు చేసినవ్‌రా?"

"నువ్వు కథ బందు వెడ్తవని భయమైంది అక్కా."

"బందు వెడుదునేమో! మూడేండ్లు కడుపునిండ పండుకుందును." కొంగుతో మొహం తుడుచుకుని కళ్లు మూసుకుంది. కాసేపటికి ఆమె తల సోమ్లా భుజం మీదికి వాలింది, సరిగ్గా తువ్వాల ఉండే చోట. సూర్యాపేట దాకా అతను కదల్లేదు.

నెల తర్వాత కోదాడ పక్కన చిలుకూరులో కథ. పొద్దు గూకుతుంటే చంద్రమ్మ, "ఫోకస్ లైటు నా మొకం మీద వద్దు, వాళ్ల దిక్కు తిప్పు" అంది. సోమ్లా మోకాళ్లు కిర్రుమంటుండగా కర్ర ఎక్కి తిప్పాడు. "ఏవయ్యో, మా కళ్లల్లో కొడుతున్నావేంటి!" అని జనంలోంచి ఒకావిడ గద్దించింది.

"ఓర్సుకో వదినా. మూడేండ్ల సంది మిమ్ముల సూడలే" అంది చంద్రమ్మ. తర్వాత సోమ్లాతో, "నీకు ఇగ తువ్వాల పని లేదు. ముందట కూసోని ఇను" అంది.

ఏం చెయ్యాలో తోచక అతను తువ్వాల కింద పరుచుకుని మొదటి వరుసలో కూర్చున్నాడు. ఇన్నేళ్లలో జనం వైపు చూడకుండా కథ వినడం అదే మొదలు. అరగంట విన్నాడు. తర్వాత మెడ వాలిపోయింది, నోరు తెరుచుకుంది.

చంద్రమ్మ పాట ఆపింది. "మా మైకు సోమ్లా నిద్రపోయిండు. ఈయన నిద్రపోయిండంటే కథ పొడుగైనట్టే. కొండల్, యుద్ధం తీసెయ్యిరా. రాజు ఊకెనే గెలిసిండు."

జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు హారన్లలోంచి కోదాడ బస్టాండు దాకా వినబడిందంటారు. సోమ్లాకు మాత్రం వినబడలేదు.